చిన్న బండి గొంతు సవరించుట

మోపెడ్ అను మాట పుట్టి ఇంకను నూరేండ్లు నిండలేదు. 1952లో స్వీడను దేశపు పత్రికా రచయిత హారాల్డ్ నీల్సెన్ మోటారు, పెడలు అను రెండు మాటల మొదళ్లను అతికి ఈ పేరు కల్పించెను. మన దేశమున ఈ జాతి బండి ఇంటింటికిని పరిచయమైనది 1972లో లూనా వచ్చిన పిదప. 1980లో ఇద్దరు కూర్చుండదగిన టి.వి.ఎస్. 50 వచ్చినది. 2015లో ఆ వంశముననే ఫోర్ స్ట్రోకు యంత్రము గల ఎక్స్.ఎల్. 100 వచ్చినది. పెడళ్లు పోయినవి గాని పేరు మాత్రము నిలిచినది.

మన పల్లెలలో దీనిని ఎవరును వాహనముగ చూడరు. ఇంటి ఎద్దుగ చూతురు. తెల్లవారుజామున పాల క్యానులు, ప్రొద్దెక్కిన పిదప కూరగాయల గంపలు, సాయంకాలమున పిండిమర నుండి మూట, నడుమ బడికి పోవు బిడ్డ - ఇవన్నియు దాని వీపు మీదనే. ఇట్టి బండి ఇంట ఉన్నప్పుడు, ఆ యింటి యువకునకు ఎన్నడో యొకనాడు ఒక కోరిక పుట్టును. ఇది ఇంకొంచెము చురుకుగ పోవునా? వీధి చివర మెకానిక్కు షెడ్డులో ఎవరో ఒకరు, "హెడ్డు దింపి పోర్టింగు చేసి పాలిషు పట్టినచో గాలివలె పోవును" అని చెవిలో ఊదుదురు. ఆ మాటలో నిజమెంత, ఇంటిలో చేయదగిన పని ఎంత, చేయరాని పని ఏది అను మూడు సంగతులను ఈ ప్రసంగమున మేము విన్నవింపదలచినాము.

మొట్టమొదట తెలిసికొనవలసినది మన బండిలో నున్న యంత్రము ఏ జాతిది అని. ఫోర్ స్ట్రోకు యంత్రమున సిలిండరు తలకు పని మెండు. గాలియు పెట్రోలును కలిసి లోనికి వచ్చు దారి, కాలిన పొగ వెలుపలికి పోవు దారి, రెండును ఆ తలలోనే ఉండును. వాని చివరల రెండు వాల్వులు ద్వారపాలకులవలె తెరచుకొనుచు మూసికొనుచు ఉండును. టూ స్ట్రోకు యంత్రమున అట్లు కాదు. అందు తల వట్టి మూత. ప్లగ్గు బిగించుటకొక రంధ్రము, మంట మండుట కొక గుంట, అంతే. దారులన్నియు సిలిండరు గోడలో ఉండును. పిస్టనే పైకి క్రిందికి పోవుచు వానిని మూయును, తెరచును. కావున "పాత లూనా హెడ్డులో పోర్టులు పెద్దవి చేయించితిమి" అని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. పెద్దవి చేయుటకు ఆ తలలో దారులే లేవు.

ఇక యంత్రము ఊపిరి పీల్చు తీరును కొంచెము లెక్క కట్టి చూతము. 100 ఘన సెంటీమీటర్ల ఫోర్ స్ట్రోకు యంత్రము నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అది రెండు చుట్ల కొకమారు గాలి పీల్చును. అనగా నిమిషమునకు 3,000 గుక్కలు. ప్రతి గుక్కయు నిండుగ పట్టినచో నిమిషమునకు 300 లీటర్లు, సెకనుకు 5 లీటర్లు. పిస్టను పై నుండి క్రిందికి దిగుటకు పట్టు కాలము సెకనులో 200వ వంతు మాత్రమే. మనము కన్ను ఆర్పునంతలో ఎన్నియో గుక్కలు గడచిపోవును. ఇంత త్వరలో పోవు గాలికి దారిలో ఒక చిన్న మెట్టు అడ్డమైనను, ఒక గరుకు అంచు తగిలినను, గుక్క కొరవడును. గుక్క కొరవడిన బలము కొరవడును.

ఇట్టి అడ్డములు కర్మాగారము నుండి వచ్చిన తలలో కూడ ఉండవచ్చును. అల్యూమినియమును కరగించి అచ్చులో పోసినప్పుడు అచ్చు అతుకు వెంట సన్నని గీత నిలుచును. వాల్వు కూర్చుండు ఉక్కు వలయమును తలలో దిగగొట్టిన చోట లోహములు రెండును కలియు దగ్గర ఒక మెట్టు మిగులును. కార్బురేటరు గొట్టమును తలకు బిగించు చోట రెండు రంధ్రములును సరిగ ఎదురెదురుగ రాక, గోడ అంచు గాలికి అడ్డముగ పొడుచుకొని రావచ్చును. ఈ మూడింటిని సవరించుటయే మేలైన పోర్టింగు. తక్కిన దంతయు చాలమట్టుకు ఆర్భాటము.

"దారిని ఇంకను వెడల్పు చేసినచో గాలి ఇంకను ఎక్కువగ వచ్చును గదా?" అని అడుగవచ్చును. కాలువల దేశమున పుట్టిన మనకు దీని సమాధానము కష్టము కాదు. పారుచున్న కాలువను ఒకచోట అవసరమునకు మించి వెడల్పు చేసినచో ఏమగును? అచ్చట నీటి వడి తగ్గును. వడి తగ్గిన నీరు ఒండ్రును మోయలేదు. ఒండ్రు మేట వేయును. యంత్రమునకును అంతే. గాలి వడిగ పోవుచున్నప్పుడే పెట్రోలు తుంపరలను మోసికొని పోగలదు. వడి తగ్గినచో తుంపరలు గోడలకంటుకొని ధారలు కట్టును, మిశ్రమము చెడును.

ఉదాహరణమునకు 18 మిల్లీమీటర్ల వ్యాసము గల దారిని 20 మిల్లీమీటర్లు చేసితిమనుకొందము. రెండు మిల్లీమీటర్లే కదా అనిపించును. కాని దారి వైశాల్యము నూటికి 23 వంతులు పెరుగును. అంతే గాలి పోవుచున్నచో దాని వడి నూటికి 19 వంతులు తగ్గును. యంత్రము మిక్కిలి వేగముగ తిరుగుచున్నప్పుడు దీని వలన కొంత లాభము ఉండవచ్చును. కాని మోపెడ్ అట్లు తిరుగుచు బ్రతుకునది కాదు. రెండు పాల క్యానులతో చెరువుగట్టు ఎక్కునప్పుడు యంత్రము మెల్లగనే తిరుగును. దానికి అచ్చట కావలసినది లాగుడు. వెడల్పు చేసిన గొంతు ఆ లాగుడునే హరించును. చదునైన రోడ్డు మీద గంటకు రెండు మూడు కిలోమీటర్ల వేగము సంపాదించి, గట్టు మీద బండి దిగి త్రోయవలసి వచ్చినచో, కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడిన సామెత అగును.

ఇక పని తీరు చెప్పుదము. ఫోర్ స్ట్రోకు తలను దింపుటకు ముందు ప్రతి దశను సెల్‌ఫోనుతో చిత్రము తీసి పెట్టుకొనుడు. జ్ఞాపకము కంటె అది నమ్మదగినది. గొలుసుతో క్యామును నడపు యంత్రమైనచో ఆ గొలుసు లోపలికి జారిపోకుండ తీగతో కట్టివేయవలెను. వాల్వులు, స్ప్రింగులు, వాల్వు లాకులు తీసినప్పుడు లోదారివి ఒక డబ్బాలోను, పొగదారివి మరొక డబ్బాలోను ఉంచవలెను. ఎక్కడివి అక్కడనే తిరిగి పోవలెను.

మసిని కర్రతోగాని ఇత్తడి బ్రష్షుతోగాని గీకవలెను. ఉక్కు ఉలితో అల్యూమినియమును గాయపరచరాదు. గీకునప్పుడు వాల్వు సీట్లకు దెబ్బ తగులకుండ పాత వాల్వు నొకదానిని ఆ రంధ్రమున కూర్చుండబెట్టి పని చేయుట అనుభవజ్ఞుల పద్ధతి. తరువాత క్రొత్త గాస్కెట్టును గొట్టము ముఖము మీదను, తల ముఖము మీదను ఒకదాని తరువాత ఒకటిగ పెట్టి, సన్నని మేకుతో లోపలి అంచు వెంట గీత గీయుడు. రెండు రంధ్రములలో ఏది చిన్నదో, ఎంత ప్రక్కకు జరిగియున్నదో అప్పుడు తెలియును. గాలి పోవు దిశకు ఎదురుగ పొడుచుకొని వచ్చిన అంచునే గీత వరకు తీయవలెను; ఆ మెట్టు పోయిన పిదప లోపలికి పోనుపోను పాతదారిలో కలిసిపోవునట్లు వాలుగ సరిచేయవలెను.

ఇందుకు ఖరీదైన గ్రైండరు అక్కరలేదు. గుండ్రని సన్న ఆకురాయి, గరుకు కాగితములు చాలును. ఆకురాయి పండ్లలో అల్యూమినియము ఇరుకుకొని పనిని పాడుచేయును. ముందుగ సుద్దముక్కతో రుద్దినచో అంతగ ఇరుకదు. వంకర దారి లోపలికి చేయి పోనిచోట, ఒక సన్నని కడ్డీ చివరను చీల్చి, ఆ చీలికలో గరుకు కాగితపు పట్టీని దోపి చుట్టి, చేతి డ్రిల్లుతో మెల్లగ త్రిప్పవచ్చును. లోదారిని 80, ఆ తరువాత 120 నంబరు కాగితముతో ఆపివేయుడు. అద్దమువలె మెరయించుట వలన గాలికి లెక్కింపదగిన లాభము లేదు. పొగదారిని మాత్రము 240, 400 నంబర్ల వరకు తీసికొనిపోయి నునుపు చేయవచ్చును. నునుపైన గోడకు మసి అంత త్వరగ పట్టదు.

ముట్టరానివి కూడ ఉన్నవి. వాల్వు సీటు మీద ఆకురాయి పడరాదు. వాల్వు గైడును పొట్టి చేయరాదు. దారి వంపు తిరుగు చోట లోపలి మలుపును తినివేయరాదు. కాలువ మలుపులో నీరు లోగట్టును విడిచి పోవునట్లే, ఆ మలుపు పదునెక్కినచో గాలి గోడను విడిచి సుడులు తిరుగును. లోపలి గోడ ఎంత మందమున్నదో కంటికి కనబడదు గనుక, ఇంకొంచెము, ఇంకొంచెము అని తొలుచుచు పోరాదు. మసి గీకినచో మరల పట్టును గాని, గీకిన లోహము మరల పుట్టదు. ఈ పని అంతటికిని ఇదియే మూలసూత్రము.

మంట మండు గుంట సంగతి వేరు. అందలి మసిని తీసి, పదునైన కొనలను మొద్దు చేయుట మంచిది. ఆ కొనలు ఎర్రగ కాలి, నిప్పురవ్వ పుట్టకమునుపే మిశ్రమమును అంటించు ప్రమాదము గలదు. కాని మెరుగు పేరిట లోహమును ఎక్కువగ తీసినచో నష్టము. 100 ఘన సెంటీమీటర్ల యంత్రమున అదుము నిష్పత్తి 9కి 1 అయినచో, పిస్టను పైకి వచ్చినప్పుడు మిగులు చోటు 12.5 ఘన సెంటీమీటర్లు. అరఘన సెంటీమీటరు లోహము పోయినచో నిష్పత్తి 8.7కు దిగును, ఒక ఘన సెంటీమీటరు పోయినచో 8.4కు దిగును. దారిలో సంపాదించినది గుంటలో పోగొట్టుకొనుట యనగా ఇదియే. కావున పనికి ముందును తరువాతను కొలువవలెను. వాల్వులు, ప్లగ్గు బిగించి, తలను బోర్లించి, గుంట మీద రంధ్రము గల ప్లాస్టిక్కు పలకను గ్రీజుతో అంటించి, మందుల దుకాణమున దొరకు సిరంజితో కిరోసిను నింపినచో, ఎన్ని ఘన సెంటీమీటర్లు పట్టినదో తేటతెల్లమగును.

పని ముగిసిన పిదప వాల్వులను గ్రైండింగు పేస్టుతో తమ తమ సీట్లలో అరగదీసి, పేస్టును పూర్తిగ కడిగివేసి, వాల్వులను బిగించుడు. తరువాత దారులలో కిరోసిను పోసి చూడుడు. కొన్ని నిమిషముల వరకు గుంటవైపు తడి కానరానిచో వాల్వులు సరిగ కూర్చున్నట్లు. తలను సబ్బు కలిపిన వేడినీటితో, బ్రష్షుతో, తెల్లగుడ్డకు నలుపు అంటనంతవరకు కడుగవలెను. గరుకు కాగితపు రేణు వొక్కటి మిగిలినను అది పిస్టను చేరి బోరును గీయును.

టూ స్ట్రోకు బండి గల వారికి కూడ ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి ఆరవ దశ నిబంధనలు అమలులోనికి వచ్చుటతో పాత టూ స్ట్రోకు మోపెడ్ల అమ్మకము నిలిచిపోయినది. పాతవి మాత్రము ఇంకను తిరుగుచున్నవి. వాని తలను దింపి మసి గీకి గుంటను నునుపు చేయుట సులభమైన పని. ఫలితము కూడ వెంటనే కనబడును. పొగదారి నోట పేరుకొనిన మసిని, సైలెన్సరులోని మసిని తీసినంతనే సగము జబ్బు పోవును. కాని సిలిండరు గోడలోని దారుల ఎత్తును మార్చుట ఇంటి పని కాదు. పొగదారిని పైకి తొలిచినచో అది తెరచుకొను వేళయే మారిపోవును. బలము పై వేగములకు పోయి, క్రింది లాగుడు చచ్చును. వెడల్పు మితిమీరినచో పిస్టను రింగు ఆ కంతలోనికి ఉబికి విరుగును.

ఆ విద్య ఎంత లోతైనదో తెలియుటకు ఒక్క కథ చాలును. తూర్పు జర్మనీలోని ఎం.జడ్. కర్మాగారమున వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు సంవత్సరముల తరబడి ఈ దారులను, పొగగొట్టపు ఆకారమును సవరించి, 1961 నాటికి 125 ఘన సెంటీమీటర్ల పందెపు యంత్రము నుండి 25 అశ్వశక్తిని రాబట్టెను. ఆ యేడే ఆ సంస్థ పందెపు రౌతు ఎర్న్‌స్ట్ డేగ్నర్ స్వీడను పందెము నాడు పశ్చిమమునకు తప్పించుకొని పోయి, ఆ రహస్యములతో జపానులోని సుజుకిని చేరెను. మరుసటి యేడు, 1962లో, 50 ఘన సెంటీమీటర్ల తరగతిలో మొదటి ప్రపంచ విజేత ఆయనయే. ఒక దేశము నుండి మరొక దేశమునకు దొంగతనముగ తరలింపదగిన విలువ గల విద్య, వీధి చివర షెడ్డులో అరగంటలో చేతికి వచ్చునా? శ్రోతలే ఆలోచింతురుగాక.

ఇక జాగ్రత్తలు. కంటికి అద్దములు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. లోహపు పొడి కంటికి, ఊపిరితిత్తులకు శత్రువు. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక వానిని పొడిగ గీకి ఊదరాదు, తడిపి తీయవలెను. పెట్రోలుతో కడుగుట, అందును వంటింటి ప్రక్కన కడుగుట, ప్రాణాంతకము. తల నట్లను ఎదురెదురుగ, రెండు మూడు దఫాలుగ, తయారీదారు పుస్తకమున చెప్పిన కొలత ప్రకారము టార్కు పానాతో బిగించవలెను. నడిపిన పిదప ప్లగ్గును విప్పి చూడవలెను. లేత గోధుమ రంగున్నచో సరి. తెల్లగ పాలిపోయినచో మిశ్రమము పలచబడి యంత్రము వేడెక్కుచున్నదని గ్రహింపవలెను. లాభమును చెవితో కాదు, కొలతతో నిర్ణయింపవలెను. పనికి ముందును తరువాతను అదే రోడ్డు, అదే బరువు, టాంకు నిండుగ - లీటరుకు ఎన్ని కిలోమీటర్లో వ్రాసికొనుడు.

చట్టమును కూడ మరువరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు చెప్పినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము, అనుమతి లేని ప్రతి మార్పునకును యజమానికి 5,000 రూపాయల జుల్మానా, ఆరు నెలల వరకు జైలు, లేక రెండును విధింపవచ్చును. అచ్చు గీతను నునుపు చేయుట వేరు. బోరు పెంచి ఘనపరిమాణమును మార్చుట వేరు. 16 ఏండ్ల పిల్లవానికి లైసెన్సు దొరకునది 50 ఘన సెంటీమీటర్లకు మించని యంత్రమునకే. ఆ బండి బోరును పెంచి అతని చేతికిచ్చిన తండ్రి, బిడ్డకు వేగమును ఇచ్చితిననుకొనును గాని, అతని లైసెన్సును, బీమాను, రెంటిని చేజార్చుచున్నాడు. ఆ బండి బ్రేకులు, టైర్లు పెరిగిన వేగమునకై చేసినవి కావు.

అట్లయినచో ఈ పని చేయనే వలదా? చేయవచ్చును, చేయుట మంచిది కూడ. మిశ్రమము లోపలికి పోవు దారిని వ్రేలితో తడవి చూచిన బిడ్డకు, యంత్రమనగా ఏమో పుస్తకము కంటె బాగుగ బోధపడును. ఫలితము వేగమున కాక నిలుకడలో కనబడును. బండి తేలికగ స్టార్టగును, గట్టు మీద గునియదు, పెట్రోలు వృథాగ పోదు. కాని తొలిపాఠము ఇంటి బండి మీద వలదు. పాత ఇనుప సామాను దుకాణమున పనికిరాని తల నొకదానిని కొని, దానిపై చేయి తిరుగనిండు. ఆకురాయి ఎంత తినునో, అల్యూమినియము ఎంత మెత్తనిదో దానివలన తెలియును.

ఇంటి బండిని విప్పుటకు పూనుకొన్ననాడు, ముందుగ క్రొత్త గాస్కెట్టు కొని ఇంట పెట్టుకొనుడు. ఒక్కసారి విప్పిన పాత గాస్కెట్టు మరల సరిగ అతుకదు. ఆదివారము సాయంకాలమున అంగడులు మూసియుండును. సోమవారము తెల్లవారుజామున పాలు మాత్రము పోవలెను.